ఈశాన్యం మూల అగరొత్తి

మా తాతయ్య రామ్మూర్తి దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు: ఎలకలు, ఎలకలకన్నా తెలివి తక్కువవాళ్ళు. మా నాన్న మొదటి రకం. నేను రెండో రకం. విజయవాడ కాలేజీలో తాతయ్య ఉద్యోగమంతా జువాలజీ చెప్పాడు. అదే జువాలజీలో నేను ఇంటర్ తప్పాను, మళ్ళీ రాసి మళ్ళీ తప్పాను. అప్పటినుంచి నన్ను తోక అని పిలుస్తాడు. “ఎలక్కి తోక కూడా ఉంటుంది. దానికి మెదడుతో పని లేదు,” అని వివరణ ఒకటి. పెద్ద సైంటిస్టు మరి.

ఆ సైన్సు ఎంత గొప్పదో ముందు చెప్పాలి.

మా నాన్న నిక్కర్లు వేసుకునే రోజుల్లో తాతయ్యకి డాక్టరేట్ మీద మనసు పోయింది. దానికోసం ఎలకల మెదడు ఎంచుకున్నాడు. కాలేజీ వెనక విరిగిన బెంచీలు పడేసే గదిని అడిగి తీసుకుని, తెల్ల ఎలకలు తెప్పించాడు. అవి పరిగెత్తడానికి ప్లస్ గుర్తు ఆకారంలో, పక్కన గోడలున్న చెక్క దారి కావాలి. విజయవాడలో వడ్రంగులే లేనట్టు కొండపల్లి వెళ్ళి, బొమ్మలు చేసే ఆయనకి ఆ పని ఒప్పజెప్పాడు. ఆయన తనకి అలవాటైన తెల్లపొణికి చెక్కతో చేసి, గోడల మీద చిలకలు కూడా వేసి ఇచ్చాడు. తెల్లపొణికి ఎంత మెత్తనంటే గోటితో గీరినా గుంట పడుతుంది. వారం తిరక్కుండా ఎలకలు చిలకలతో సహా గోడలు కొరికేసి తిన్నగా పల్లీల దగ్గరికి వెళ్ళిపోయాయి. దారి నేర్చుకోవడంకన్నా దారి కొరుక్కోవడం సులువు. తాతయ్య పరిశోధనలో తేలిన మొదటి సత్యం ఇదే. దాన్ని మాత్రం ఆయన ఎక్కడా రాయలేదు. టేకు చెక్కతో ఇంకోటి చేయించుకున్నాడు.

ఆ ఎలకల పాఠం నాకు చిన్నప్పటినుంచీ, ఇంటర్ తప్పాక కూడా, అన్నం తినేటప్పుడల్లా ఉండేది. పళ్ళెంలో పెరుగన్నం ముద్దని వేలితో గుంటలు చేసి చూపించేవాడు.

“మెదడంతా ఒకటే ముద్ద కాదే తోకా. ఇదిగో, ఇక్కడ సముద్రపు గుర్రంలా వంకర తిరిగిన ముక్క ఉంటుంది. హిప్పోకాంపస్. అది పటం గీసుకుంటుంది. కిటికీ ఇటు, తలుపు అటు, తిండి ఫలానా మూల అని. ఎటునుంచి వదిలినా ఎలక ఆ పటం చూసుకుని తిండి దగ్గరికి పోతుంది. దీనికి ముందువైపు చారలచారల ముద్ద. స్ట్రయేటమ్. దానికి పటాలూ గిటాలూ తెలీవు. నిన్న ఎడమకి తిరిగితే తిండి దొరికిందా, అయితే ఇవాళా ఎడమకే. అంతే దాని తెలివి.”

“మా నాన్నలాగా.”

“మీ నాన్న తలలో ఉన్నదంతా చారల ముద్దే. బెంజ్ సర్కిల్ మీద ఫ్లైఓవర్ వేసి ఇన్నాళ్ళయినా ఇప్పటికీ కిందనుంచే వెళ్ళి ఇరుక్కుంటాడు.”

“మరి ఈ మూడో గుంట?”

“బాదంగింజంత ఉంటుంది. ఎమిగ్డలా. భయం, కోపం, రోత అన్నీ దాని ఖాతా. ఎలక ఎక్కడ దెబ్బ తిందో అది చచ్చేదాకా మర్చిపోనివ్వదు.”

ఇంత చక్కగా చెప్పే మనిషి ఏం చేశాడో చూడండి. పల్లీ వాసన పట్టుకుని పోతాయేమోనని నాలుగు దారుల చివరా జల్లెడ ముక్క కింద పల్లీలు దాచాడు. తినడానికి దొరికేది మాత్రం ఒక్క దారి చివరే. ఎలకల్ని ఒక రోజు ఒక దారినుంచి, మర్నాడు ఇంకో దారినుంచి వదిలి, తిండి ఉన్న చోటు కనుక్కునేలా నేర్పాడు. తర్వాత సగం ఎలకల తలల్లోకి సన్నటి సూది దించి, కరెంటు పెట్టి, ఆ సముద్రపు గుర్రాన్ని చెడగొట్టాడు. పుస్తకాల ప్రకారం పటం పోయిన ఎలక దారి తప్పాలి. తాతయ్య ఎలకలు తప్పలేదు. గుర్రం ఉన్నదీ లేనిదీ కూడా బుద్ధిగా పల్లీ దగ్గరికే వెళ్ళి కూర్చున్నాయి.

ఇంకేముంది! ప్రపంచంలో పుస్తకాలన్నీ తప్పు, పటం ఉండేది ఇంకెక్కడో, అది కనిపెట్టబోయేది బెజవాడ రామ్మూర్తి. ఆ ఊపులో ఒక సఫారీ సూటు కూడా కుట్టించుకున్నాడు.

సూటు గురించి తాతయ్య చెప్తాడు. అగరొత్తి గురించి చెప్పాల్సింది బామ్మ.

మా బామ్మ కనకవల్లికి ఆ ఎలకల వ్యవహారం మొదటినుంచీ గిట్టలేదు. “వినాయకుడి వాహనం తలలో సూదులు గుచ్చుతున్నారు. కనీసం ఒక అగరొత్తి వెలిగించి మొదలుపెట్టండి,” అని రోజూ పొద్దున్నే క్యారియర్ మీద ఒక మొగలిపువ్వు అగరొత్తి పెట్టి పంపేది. తాతయ్యకి దేవుడంటే లెక్కలేదు. కానీ ఎలకల గది కంపు అంటే ఉంది. “పూజ కాదు, కంపు పోవడానికి,” అని తనకి తనే చెప్పుకుంటూ రోజూ వెలిగించాడు. దేవుడు లేడనే మనిషి దాన్ని ఏ మూల గుచ్చినా ఒకటే కదా? చెయ్యి దానంతటదే ఈశాన్యం మూలకి వెళ్ళింది. పల్లీ దొరికే దారి కూడా ఆ మూలకే చూస్తుంది. ఎలకల పటాలు గీయబోయిన ఈయనకి తన చారల ముద్ద ఏం చేస్తోందో తెలీలేదు.

చివరికి ప్రొఫెసర్ మాణిక్యం గారని ఒక పెద్దావిడ పరీక్షించడానికి వచ్చింది. గదిలోకి అడుగు పెట్టగానే తుమ్ములు పట్టుకున్నాయి.

“ఏమీ అనుకోకండి రామ్మూర్తి గారూ. ఆ అగరొత్తి కాస్త అటు మూల పెట్టించండి. నాకు పడదు.”

తాతయ్య అగరొత్తి తీసి ఎదురుగా నైరుతి మూల గుచ్చాడు. సఫారీ సర్దుకుని ఎలకల్ని వదిలాడు. మంచి ఎలకలు నడుమ ఆగి, అటూ ఇటూ చూసి, ఈశాన్యానికే వెళ్ళాయి. గుర్రం పోయిన ఎలకలన్నీ ముక్కులు ఎగరేసుకుంటూ నైరుతికి పోయి, ఖాళీ గిన్నె ముందు కూర్చున్నాయి.

ఆవిడ రుమాలు అడ్డం పెట్టుకునే చెప్పిందట. “ఎలకలు బాగానే నేర్చుకున్నాయండీ. ఏం నేర్చుకున్నాయో మీరే చూసుకోలేదు. వాసన పట్టుకుని వచ్చిన ఎలక దారి నేర్చుకున్నట్టు కాదు. ఈ ఫలితం చెల్లదు.”

ఆ సాయంత్రం తాతయ్య ఇంట్లో ఉన్న అగరొత్తుల ప్యాకెట్లన్నీ తీసుకెళ్ళి బందరు కాలువలో పారేశాడు. మళ్ళీ ఎలకల గది తలుపు తీయలేదు. మా ఇంట్లో మళ్ళీ అగరొత్తి వెలగలేదు. బామ్మ దీపంతో, కర్పూరంతో సరిపెట్టుకుంది. ఇంతటితో అయిపోతే ఫరవాలేదు. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో అరటిపండుకి గుచ్చిన అగరొత్తి కనపడితే చాలు, ఎవరూ చూడకుండా రెండు వేళ్ళతో నలిపి ఆర్పేస్తాడు. పురోహితుడు మంత్రం ఆపి వెతుక్కుంటుంటే ఈయన పైకప్పు చూస్తుంటాడు. డాక్టరేట్ రాని డాక్టరు గారి ప్రాక్టీసు ఇదీ.

ఇప్పటి సంగతికి వస్తాను.

మేముండేది భవానీపురంలో ఒక అపార్టుమెంటులో. నాకు ఊహ తెలిసినప్పటినుంచి మొదటి అంతస్తులో, లిఫ్ట్ దిగి ఎడమకి తిరిగితే మా ఇల్లు. పోయినేడు మా నాన్న అనంతకృష్ణ దాన్ని అమ్మేసి, అదే బిల్డింగులో నాలుగో అంతస్తులో, కుడివైపు ఫ్లాట్ కొన్నాడు. కృష్ణ మీది గాలి బాగా వస్తుందట. కొన్నరోజునుంచి ఏసీ వేసుకుని కిటికీలు మూసుకుని పడుకుంటున్నాడు.

పైకి వచ్చిన కొన్నాళ్ళకే తాతయ్య దారి తప్పడం మొదలైంది. స్కాన్ తీయిస్తే డాక్టరు ఫిల్ము ఎత్తి పట్టుకుని, ఫలానా చోట కుంచించుకుపోయిందండీ అన్నాడు. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

“ఇదా నా హిప్పోకాంపస్?”

“అవునండీ.”

“సిగ్గుచేటు. ఎలక్కి ఇంతకన్నా నయంగా ఉంటుంది,” అని లేచి వచ్చేశాడు.

ఆయనకి రోజూ సాయంత్రం భవానీ ఘాట్ దాకా నడిచి వెళ్ళి, మెట్ల మీద కూర్చుని, నీళ్ళనీ మనుషులనీ తిట్టుకుని రావడం అలవాటు. ఎన్నో ఏళ్ళ అలవాటు. ఘాట్ నుంచి మా గేటు దాకా ఇప్పటికీ గీత గీసినట్టు వస్తాడు. అది చారల ముద్ద పని, అది బాగానే ఉంది. గేటునుంచి కొత్త ఇంటికి తేవాల్సింది సముద్రపు గుర్రం. అది లేదు. కాబట్టి లిఫ్ట్ ఎక్కి, ఒకటి నొక్కి, దిగి, ఎడమకి తిరిగి, రామతులసి గారి ఇంట్లోకి వెళ్ళి సోఫాలో కూర్చుంటాడు. మా పాత ఇల్లు కొన్నది వాళ్ళే. పాపం ఆవిడ మొదట్లో కాఫీ ఇచ్చేది. ఒక గుక్క తాగి, “నీ చెయ్యి పాడైపోయిందే కనకం,” అనేవాడు.

వెంట ఎవరైనా వెళ్తామంటే ఒప్పుకోడు. “నేనేమన్నా పెట్టెలో ఎలకనా, తోక పట్టుకుని తిప్పడానికి?” ఇంటి నంబరు కాగితం మీద రాసి జేబులో పెడితే చింపి పారేశాడు. బామ్మకి మోకాళ్ళు లేవు, తాతయ్యకి తల లేదు. ఇద్దరినీ కలిపితే ఒక మనిషి సరిగ్గా తయారవుతాడు.

నాన్న మొహం నల్లబడుతూ వచ్చింది. “ఇంకొక్కసారి వాళ్ళింట్లోకి వెళ్తే తలుపుకి గ్రిల్ పెట్టించి బయటనుంచి తాళం వేస్తాను,” అన్నాడు. ఘాట్ అంటూ లేకపోతే తాతయ్యకి రోజులో మిగిలేది టీవీ. టీవీలో వాళ్ళు ఈయన తిట్లకి బదులు చెప్పరు.

నాకో ఆలోచన వచ్చింది. గుర్రం పోయిన ఎలకలు ఎలా వచ్చాయి? సైన్సు తెలీని నాకే తట్టింది కానీ, ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరికీ తట్టలేదు. ఒక శుక్రవారం గంధం అగరొత్తి కొని మా తలుపు పక్క గుచ్చాను. నాలుగో అంతస్తులో వాసన ఒకటి నొక్కి దిగినవాడికి ఎలా తెలుస్తుందని నాకు అప్పుడు తోచలేదు. ఇంటర్ ఊరికే తప్పలేదు కదా.

ఆ సాయంత్రం తాతయ్య ఎప్పటిలాగే ఒకటో అంతస్తులో దిగాడు. ఎడమకి తిరిగాడు. శుక్రవారం కాబట్టి రామతులసి గారు తలుపు తీసి పెట్టుకుని లక్ష్మీపూజలో ఉన్నారు. అరటిపండుకి అగరొత్తులు గుచ్చి ఉన్నాయి. తాతయ్య సోఫా దాకా కూడా పోలేదు. నేరుగా లక్ష్మి పటం దగ్గరికి వెళ్ళి, కట్టంతా నలిపి ఆర్పేసి, “సిగ్గులేదూ?” అన్నాడు.

ఆవిడ ఏడుస్తూ పైకి వచ్చింది. “పెద్దాయన అని ఇన్నాళ్ళూ ఊరుకున్నామండీ. పూజలో అగరొత్తులు ఆర్పేస్తే మేమేం అనుకోవాలండీ? మా అత్తగారు అపశకునం అని అన్నం మానేశారండీ.”

నాన్న చేతులు జోడించాడు. ఆవిడ దిగి వెళ్ళగానే ఫోన్ తీశాడు. “పవన్‌కుమార్, ఆదివారం సాయంత్రం వచ్చి గ్రిల్‌కి కొలతలు తీసుకో. తాళం బయటవైపు.”

“ఎవరికి రా తాళం?” అంది బామ్మ.

“ఎవరికో నీకు తెలీదా అమ్మా?”

“ఆయన ఎలకల్ని పెట్టెలో పెట్టారు. నువ్వు ఆయన్ని పెడతావు. మంచి వంశం.”

తాతయ్య టీవీ ముందు కూర్చుని అంతా విన్నాడు. ఇటు తిరక్కుండానే అడిగాడు. “గాలి ఆడే ఏర్పాటు ఉంటుందా అనంతూ? లేకపోతే చచ్చిపోతాయి.”

నాన్న లోపలికి వెళ్ళి ఏసీ పెద్దది చేసుకున్నాడు.

ఆ రాత్రి బామ్మ నన్ను వంటింట్లోకి పిలిచి నెత్తి మీద ఒకటి ఇచ్చింది. “గంధం తెచ్చావుటే మొద్దూ? ఊళ్ళో అందరిళ్ళలోనూ గంధమే. ఆయన ఎలకల గదిలో నేను పంపింది మొగలి. కంపరమెత్తే మొగలి. పైగా ఒక్కటే గుచ్చితే ఏం లాభం? కింద మెట్ల దగ్గర లేని వాసన పైన ఎందుకు?”

మర్నాడు పని ఎగ్గొట్టి వన్‌టౌన్ వెళ్ళాను. మొగలి ఇప్పుడెవరు వాడతారమ్మా అని కొట్ల వాళ్ళందరూ నవ్వారు. చివరికి ఒక ముసలాయన అటక మీదనుంచి దుమ్ము దులిపి ఒక కట్ట తీశాడు. బస్సులో నా పక్క సీటు భవానీపురం దాకా ఖాళీగా ఉంది.

ఆదివారం సాయంత్రం. తాతయ్య ఘాట్‌కి వెళ్ళగానే కింద మెట్ల దగ్గరున్న క్రోటన్ కుండీలో ఒకటి వెలిగించాను. ఒక్కో అంతస్తు మలుపులో కుండీకి ఒకటి. మా తలుపు పక్క ఒకటి. ఇంట్లో దేవుడి గూట్లో చివరిది బామ్మ వెలిగించింది. పెళ్ళయిన కొత్తలో వెలిగించినట్టు కొంగు నడుముకి దోపుకుని, చెయ్యి అడ్డం పెట్టి. ముప్ఫయ్యేళ్ళు దాటాయి ఆవిడ అగరొత్తి ముట్టుకుని. పొగ కళ్ళలో పడిందని చాలాసేపు తుడుచుకుంది.

నాన్న పవన్‌కుమార్‌తో కలిసి పైన తలుపు దగ్గర నిలబడ్డాడు. “ఇవాళ కూడా కిందికే వెళ్తే ఇంక నన్నేమీ అనకూడదు,” అన్నాడు. పవన్‌కుమార్ టేపు లాగి తలుపు కొలుస్తున్నాడు. నేను కింద స్కూటర్ల మధ్య కూర్చున్నాను.

తాతయ్య వచ్చాడు. లిఫ్ట్ దగ్గర నిలబడ్డాడు. వేలు మీటకి తగిలేంత దూరం వెళ్ళి ఆగిపోయింది. ముక్కు పైకి లేచింది. మొహం ముడుచుకుపోయింది. కుళ్ళిన చేప తొక్కినవాడిలా తిరిగి, మెట్ల దగ్గర కుండీ వెతికి పట్టుకున్నాడు.

“ఏ గాడిద పెట్టింది దీన్నిక్కడ?” రెండు వేళ్ళతో నలిపాడు. పైనుంచి మళ్ళీ వాసన. “ఇంకోటా?” మెట్లెక్కాడు.

మొదటి అంతస్తు మలుపులో కుండీలోది ఆర్పేశాడు. తర్వాత కాళ్ళు వాటంతటవే ఎడమకి తిరిగాయి. రామతులసి గారి తలుపు మూసే ఉంది కానీ, చెయ్యి బెల్లు మీదికి వెళ్తోంది. నేను వెనకే వచ్చి కింద మెట్టు మీద కూర్చున్నాను. కాళ్ళు ఎడమకి, ముక్కు పైకి. మాణిక్యం గారి ముందు ఎలకలు నడుమ ఆగినట్టు ఆగాడు మా తాతయ్య. అప్పుడు పైనుంచి గుప్పుమంది మొగలి.

“వీళ్ళ మొహాలు మండ,” అన్నాడు. బెల్లు వదిలేసి మెట్లెక్కాడు.

అక్కణ్ణించి ఇంక ఆగలేదు. ఒక్కో కుండీ దగ్గర ఒక్కో తిట్టు. ఆ తిట్లలో నేనున్నాను, నాన్న ఉన్నాడు, కాలేజీ ప్రిన్సిపాల్ ఉన్నాడు, తుమ్ములావిడ ఉంది. మెదడులో పటమంతా చెరిగిపోయినా బాదంగింజ మాత్రం గట్టిగా ఉంది. ఆయాసపడుతూ నాలుగో అంతస్తుకి చేరి, కుడివైపు తిరిగి, మా తలుపు పక్క కుండీలోది నలిపాడు. నాన్ననీ పవన్‌కుమార్‌నీ అడ్డు తప్పించి, చెప్పులతోనే ఇంట్లోకి, ఇంట్లోంచి దేవుడి గూటి దగ్గరికి.

“అది ముట్టుకున్నారంటే చెయ్యి విరగ్గొడతాను,” అంది బామ్మ.

తాతయ్య చెయ్యి గాల్లో ఆగింది. అగరొత్తి వైపు చూశాడు, బామ్మ వైపు చూశాడు.

“ఎలకలు చెడిపోతాయే కనకం.”

“ఎప్పుడో చెడిపోయాయి. కూర్చోండి, కాఫీ తెస్తాను.”

గుమ్మంలో పవన్‌కుమార్ టేపు చుట్టేసుకున్నాడు. “సార్ మామూలుగానే వచ్చేశారు కదండీ. మరి గ్రిల్ దేనికండీ?”

నాన్న మెట్ల మీద పడి ఉన్న సగం కాలిన పుల్లల్ని చాలాసేపు చూశాడు. “అక్కర్లేదులే. వచ్చినందుకు టీ తాగి వెళ్ళు,” అన్నాడు. తర్వాత చీపురు తెచ్చి మెట్లు ఊడ్చాడు. మా నాన్న చీపురు పట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. బాగా ఊడవడం రాదు.

తాతయ్య కుర్చీలో చేరబడి నల్లబడిన వేళ్ళు పంచెకి తుడుచుకుంటున్నాడు. నేను వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

“చూశావా తాతయ్యా? ఇంటికి దారి నేర్చేసుకున్నావు.”

అంత చులకనగా నన్నెవరూ చూడలేదు, జువాలజీ పేపరు దిద్దినాయన కూడా. “వాసన పట్టుకుని వచ్చిన ఎలక దారి నేర్చుకున్నట్టు కాదే మొద్దూ. ఫలితం చెల్లదు.”

“చెల్లకపోతే పోనీ. ఎలక ఇంటికొచ్చిందిగా.”

గూట్లో పొగ తిన్నగా పైకి పోతోంది. తాతయ్య దాన్నే చూస్తూ కూర్చున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

“రేపు కూడా అక్కడే పెడతావా?”

“అక్కడే.”

“మూల మార్చవు కదా?”

“మార్చను తాతయ్యా.”

“దొంగ ప్రయోగం,” అన్నాడు, కాఫీ గ్లాసుకి చెయ్యి చాపుతూ.